కొత్త టీవీ అట్టపెట్టె

లోపలున్నారని తెలుసు పెద్దమ్మా. కుళాయి కట్టేసిన చప్పుడు ఇప్పుడే విన్నాను. మన రెండిళ్ళకీ ఉన్నది ఒక్కటే గోడ, ఇటు తుమ్మితే అటు తెలుస్తుంది. ఇంట్లో లేనట్టు ఈ నటనెందుకు చెప్పండి?

వచ్చారు కదా. తాళం తియ్యరా?

సరే, తియ్యకండి. ఇనప గ్రిల్లుకి అవతల మీరు, ఇవతల నేను. బైబిలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళని నిలబెట్టినట్టు నిలబెట్టారు నన్ను. ఇండియా నించి ఈ ఆషర్‌విల్ వచ్చి పదకొండేళ్ళయింది, ఒక్కనాడైనా ఇలా బయట ఉంచారా? ఆంటీ గీంటీ వద్దు, పెద్దమ్మా అని పిలువు అన్నది మీరే కదా.

లేదు, ఇంగ్లీషులో మాట్లాడను. నా తెలుగు మీకు సగమే అందుతుందని తెలుసు. ఇక్కడే పుట్టి పెరిగారు, మీ నాయనమ్మ నోట విన్న తిట్లూ, వంటలూ, దండాలూ, అంతే కదా మీకు మిగిలింది. అయినా తెలుగులోనే చెబుతాను. ఇంగ్లీషులో అయితే ఎంత అబద్ధమైనా మర్యాదగా చెప్పేస్తాను నేను. ఇందులో అంత నేర్పు లేదు.

సగ్రెన్ గురించే కదా మీ కోపం? మీ చెల్లెలి కొడుకు పేరు పోలీసులకి చెప్పాననే కదా? చెప్పాను. చెప్పలేదని అన్నానా? మొదట్నించీ వినండి. విన్నాక మీరేమన్నా పడతాను.

అసలు టీవీ కావాలన్నది నేను కాదు. మా ఆయన. జనార్దన్ గారి సంగతి మీకు తెలియనిదేముంది. హార్బర్‌లో క్రేన్ల కింద పొద్దస్తమానం నిలబడి వచ్చి, సోఫాలో కూలబడి, కళ్ళు మూసుకుని టీవీ చూసే మనిషి. అలాంటాయనకి హఠాత్తుగా హెచ్‌డీ కావాల్సొచ్చింది. మన ఊళ్ళోనే ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఆడుతుంటే పాత డబ్బాలో చూస్తే బంతి కనబడదట. ఏనాడు చూశారండీ ఫుట్‌బాల్ అన్నాను. అందరూ చూస్తున్నారుగా అన్నారు.

పాతదానికేం వచ్చింది? బంగారంలా ఉండేది. సాయంత్రం ఏడింటికి మీరు నైటీ మీద శాలువా కప్పుకుని వచ్చేవారు. సీరియల్లో వాళ్ళు జూలూలో మాట్లాడితే మీరు నాకు తెలుగు చేసి చెప్పేవారు. "ఆడు సచ్చినోడు, దాన్ని మోసం జేసినాడు" అని. ఎంత నవ్వుకునేవాళ్ళమో. ఆ డబ్బాలో బొమ్మ ఎలా ఉందో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

సరే, కొనాలన్నారు. ఎక్కడ కొనాలి? ఓవర్‌పోర్టులో మా సగ్రెన్ ఉన్నాడు, వాడు పనిచేసే షాపుకెళ్ళండి, మోసం చెయ్యడు అన్నారు మీరు. ఆ మాట విన్నప్పుడే నాకు లోపల ఏదో గీసుకుంది. ఇంత గట్టిగా చెబుతోందేమిటీవిడ, ఆ అబ్బాయికి ఏమన్నా ముడుతుందా, ఈవిడకేమన్నా పంపిస్తాడా అని. అలా చూడకండి. అనుకున్నాను మరి. అనుకోలేదంటే ఇంగ్లీషులో చెప్పినట్టుంటుంది.

షాపులో గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకటే బొమ్మ, సముద్రం అడుగున చేపలు. ఒక్కో పొలుసూ విడివిడిగా కనబడుతోంది. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు. నాకేమో ఆ చేపల్ని చూస్తేనే నమ్మకం పోయింది. ఇంటికి తెచ్చుకున్నాక ఈ చేపలెక్కడ వస్తాయి మనకి? ఇంట్లో వచ్చేవి వార్తలూ, వాతావరణం, ఏడింటి సీరియలూ.

ఆ మాటే సగ్రెన్‌ని అడిగాను. నిజమే ఆంటీ అన్నాడు. మామూలు ఛానెళ్ళు ఇందులో కొంచెం మసగ్గానే ఉంటాయి, హెచ్‌డీ డబ్బా విడిగా పెట్టించుకుంటేనే ఇంత తేటగా వస్తుంది అన్నాడు. మా ఆయన పెద్దదాని మీద చెయ్యి వేస్తే, మీ గదికి అంతది అక్కర్లేదు అంకుల్ అని చిన్నది చూపించాడు.

నాకు ఇంకా భయమేసింది పెద్దమ్మా. లోకంలో ఏ షాపువాడైనా పెద్దది అంటగట్టాలని చూస్తాడు గానీ చిన్నది చాలంటాడా? ఇందులో ఏదో ఉంది అనుకున్నాను.

పైగా ఆ ప్రశ్నలు. సోఫాకీ గోడకీ ఎంత దూరం ఆంటీ? కిటికీ ఎటువైపుంది? ఎండ ఏ వేళప్పుడు పడుతుంది? ప్లగ్గు ఎక్కడుంది? పగలు ఇంట్లో ఎవరుంటారు? మా ఆయన శుభ్రంగా అన్నీ చెప్పేస్తున్నారు. కాగితం మీద గది బొమ్మ గీసి మరీ చూపించారు, వీధి గుమ్మం ఇదీ, కిటికీ ఇదీ అని. నేను పక్కనుంచి మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. ఆయనకి తగిలితేగా.

ఇప్పుడు తెలుసు. ఎండ పడితే బొమ్మ కనబడదు కాబట్టి కిటికీ సంగతి అడిగాడు. సామాను దింపడానికి వస్తారు కాబట్టి పగలెవరుంటారని అడిగాడు. టీవీ అమ్మేవాడు అడక్కపోతే ఎలా? అప్పుడు మాత్రం దొంగతనానికి కొలతలు తీసుకుంటున్నట్టే అనిపించింది నాకు.

ఇంకో పని కూడా చేశాను. నవ్వకండి. వాళ్ళు బిల్లు రాసుకుంటుంటే, పక్కన మా పేరు రాసిపెట్టిన అట్టపెట్టె ఉంది కదా, దాని మూల నా నుదుటి బొట్టు తీసి అంటించేశాను. మెరూన్ స్టిక్కరు బొట్టు. దారిలో పెట్టె మార్చేసి లోపల పాతదేదో పెట్టి పంపిస్తే? బొట్టుంటే మనదని గుర్తు. తెల్లారి పెట్టె వచ్చింది. బొట్టు అలాగే ఉంది. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను.

ఇక అక్కణ్ణించి మొదలైంది నరకం. వెనక వీధి కావ్యశ్రీ వాళ్ళింట్లో కొత్త టీవీ పెట్టిన వారానికే తలుపు బద్దలుకొట్టారు కదా, ఆ మాటే చెవిలో తిరిగేది. టీవీ వెలుగు రోడ్డు మీదికి పడకూడదని పగలే కర్టెన్లు వేసేశాను. చప్పుడు వినబడకూడదని సౌండు తగ్గించేశాను. చీకట్లో గుసగుసలాడే టీవీ అయింది మాది. మా ఆయన విసుక్కుని, మనింట్లో టీవీ ఉందని మనం కూడా మర్చిపోవాలా అన్నారు.

మిమ్మల్ని ఏడింటికి పిలవడం కూడా మానేశాను. తలనొప్పి అన్నాను, చుట్టాలన్నాను. కొత్త టీవీ వచ్చి నెల కావస్తోంది, మీరొక్కసారీ చూడలేదు. గోడకి ఇటు నేను, అటు మీరు. ఒకే సీరియలు మీరు మీ డబ్బాలో, నేను నా హెచ్‌డీలో. జూలూ మాటలొస్తే నాకు చెప్పేవాళ్ళు లేరు.

ఆ తర్వాత శుక్రవారం మీరు గుడికెళ్ళిన వేళ మీ వంటింటి కిటికీ పగిలింది. బీరువాలన్నీ తిరగేశారు. మీ పాత టీవీని బల్ల మీంచి సగం లాగి, బరువుకి వదిలేశారు. రేడియో పోయింది. యెల్లప్ప పెదనాన్నగారి కోటు పోయింది. మీరు ఏడవలేదు. కోటు హ్యాంగరు మాత్రం చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

హేజెల్ అనే పోలీసావిడ నన్ను అడిగింది, ఎవరిమీదైనా అనుమానముందా అని. నన్ను అలా అడగచ్చా చెప్పండి? నాకు లేనిదెవరి మీద? నోరు తెరిస్తే ఆగలేదు. దొంగలు వచ్చింది మా టీవీ కోసమే, గుమ్మం పొరబడి పక్కింట్లో దూరారు, మా ఇంట్లో కొత్త టీవీ ఉందని తెలిసింది షాపులో సగ్రెన్‌కే, మా గది బొమ్మ కూడా గీయించుకున్నాడు అని చెప్పేశాను. సొంత పెద్దమ్మ ఇల్లేదో తెలియని దొంగ ఉంటాడా అని ఆవిడా అడగలేదు, నాకూ తట్టలేదు.

తట్టలేదూ అంటే, తట్టనివ్వలేదు.

పోలీసులు సీ కౌ లేక్‌లో వాడింటికి వెళ్ళి, భార్యా పిల్లల ఎదుట సగ్రెన్‌ని బండెక్కించి తీసుకెళ్ళారట. సాయంత్రానికి వదిలేశారు. షాపువాళ్ళు మాత్రం సంగతి తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. అప్పట్నించే కదా ఈ గేటుకి తాళం.

ఇవాళ పొద్దున్న నేను షాపుకెళ్ళాను. అవును, ఒక్కదాన్నే. మా ఆయనకి చెప్పలేదు. మ్యూరియెల్ అని మేనేజరుందే, ఆవిడ ఎదుట కూర్చుని, సగ్రెన్‌కీ దీనికీ సంబంధం లేదు, తప్పు నాది అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను కిందా మీదా చూసింది. సోమవారం నించి రమ్మంటానంది. అక్కణ్ణించి పోలీస్ స్టేషనుకి కూడా వెళ్ళాను. హేజెల్ అంతా రాసుకుంది. చివరికి, ఇంటికి వెళ్ళండి మేడం అంది.

అదండీ సంగతి. సోమవారం నించి సగ్రెన్ పనిలోకి వెళ్తాడు. ఇప్పుడైనా తాళం తీస్తారా?

ఏమిటలా చూస్తున్నారు?

సగ్రెన్ కాదని నాకెలా తెలుసు అనేనా?

కూర్చుంటాను ఇక్కడ, మెట్టు మీద. కాళ్ళు లాగుతున్నాయి. మీరూ ఆ కుర్చీ లాక్కోండి.

టీవీ పెట్టిన కొత్తలో మీరే అన్నారు, పెట్టె రోడ్డు మీద పెట్టకు తల్లీ అని. ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. కొత్త టీవీ పెట్టె గుమ్మం ముందు పెడితే రండి దొంగల్లారా అని పిలిచినట్టే. ముక్కలు చేసి, నల్ల సంచుల్లో కొంచెం కొంచెంగా పారెయ్యమన్నారు. కత్తి కూడా ఇచ్చారు, చేపలు కోసేది.

నేను కొయ్యలేదు. టీవీ చెడిపోతే పెట్టెతో సహా తిరిగి తెమ్మంటారేమోనని దాచాను. మంచం వెనకాల నిలబెట్టాను. అది కిటికీ ఎత్తుకి వచ్చింది. బయటికి కనబడుతోందేమోనని రోజూ రోడ్డు మీదికెళ్ళి చూసొచ్చేదాన్ని. నిద్ర పట్టేది కాదు. చివరికి ఇక నా వల్ల కాలేదు.

మంగళవారం చెత్త బండి వచ్చే ముందు, ఇంకా వీధిలో ఎవరూ లేవలేదు, ఆ పెట్టె తీసుకెళ్ళి మీ గుమ్మం ముందు, మీ నల్ల సంచుల వెనకాల పెట్టేశాను పెద్దమ్మా.

మా గుమ్మం ముందు కాదు. మీ గుమ్మం ముందు.

అరగంటలో బండి వస్తుంది, తీసుకుపోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. పెద్దావిడ, ఒంటరిది, ఆవిడింట్లో ఏముంటుందని ఎవడొస్తాడు అని కూడా అనుకున్నాను. ఆ మాట ఎంత సిగ్గుమాలిందో ఇప్పుడు నోటితో అంటుంటే తెలుస్తోంది.

ఆ రోజు బండి రాలేదు. మున్సిపాలిటీ వాళ్ళ సమ్మె. బుధవారమూ రాలేదు. అందరి సంచులూ రోడ్డు మీదే. నా పెట్టె, దాని మీద అంత టీవీ బొమ్మ, అందులో ఆ చేపలు. మీ గుమ్మం ముందు రోడ్డుకేసి చూస్తూ నిలబడింది. చెత్త ఏరుకునేవాళ్ళు దాని ముందు ఆగి చూసి పోతున్నారు. నేను కర్టెన్ వెనక నించి చూస్తూనే ఉన్నాను.

వెళ్ళి తెచ్చేసుకోవచ్చు. నాలుగడుగులు. కానీ పట్టపగలు తెచ్చుకుంటే ఆ పెట్టె మాదని వీధంతా తెలిసిపోదూ? అందుకని వెళ్ళలేదు. భయమేసింది, వెళ్ళలేదు. శుక్రవారం మీ కిటికీ పగిలింది.

అంతే. ఇంకేం లేదు. ఆ దొంగల్ని నేనే పిలిచాను, మీ ఇల్లు చూపించి మరీ. ఇప్పుడు తిట్టండి. మీ నాయనమ్మ తిట్లన్నీ తిట్టండి, నాకు అన్నీ అర్థమవుతాయి.

ఏమిటది? ఎందుకు వేలు చాపుతున్నారు? నాకు సరిగ్గా కనబడటం లేదు, ఇంకొంచెం ఇటు...

నా బొట్టు.

ఇది మీ దగ్గరికెలా వచ్చింది?

పీకేశారా? ఎప్పుడు? పోలీసులు రాకముందే?

అయ్యో పెద్దమ్మా.

అయితే ఆ రోజే తెలుసన్నమాట మీకు. కిటికీ పగిలి, ఇల్లంతా చెల్లాచెదరై ఉన్నప్పుడు ముందు బయటికొచ్చి ఆ పెట్టె మీంచి బొట్టు తీశారన్నమాట. మీరు బొట్టు పెట్టరు కదా, పెదనాన్నగారు పోయినప్పట్నించీ. ఈ వీధిలో ఇది పెట్టేది నేనొక్కదాన్నే. హేజెల్ చూసి ఉంటే...

నా పేరు రాకూడదని మీరు దాన్ని దాచిపెట్టారు. అరగంట తర్వాత అదే గుమ్మంలో నిలబడి నేను మీ చెల్లెలి కొడుకు పేరు చెప్పాను. మీరు వింటూనే ఉన్నారు. హ్యాంగరు పట్టుకుని.

నన్ను ఏదో ఒకటి అనచ్చు కదా పెద్దమ్మా.

అంతకు ముందే చూశారా? మంగళవారం నేను పెట్టడం కూడా? వంటింటి కిటికీలోంచి? మరి లోపలికి లాగి పడెయ్యలేదేం? ఎందుకలా వదిలేశారు?

నేనే వచ్చి తీసుకెళ్తానని.

శుక్రవారం దాకా చూశారా, నేను వస్తానని?

నేను కర్టెన్ వెనకాల. మీరు కిటికీ వెనకాల.

సగ్రెన్ సంగతి కాదన్నమాట మీ బాధ. పెట్టె సంగతీ కాదేమో. ఉండండి, చెప్పకండి. నాకు తెలుసు. షాపుకెళ్ళొచ్చాను, స్టేషనుకెళ్ళొచ్చాను, ఈ ఒక్కటీ చెప్పకుండా ఎలా తప్పించుకుందామా అని చూస్తున్నాను ఇందాకట్నించీ.

తాళంచెవి.

మా ఇంటి రెండో తాళంచెవి మీ దగ్గరే కదా ఉండేది, మేము వచ్చిన కొత్త నించీ. మీ వంటింటి తలుపు వెనక మేకుకి. మేము ఇండియా వెళ్ళినప్పుడు గీజరు పగిలి ఇంట్లోకి నీళ్ళొస్తే, మీరే కదా తాళం తీసి, చీర పైకి దోపుకుని ఎత్తిపోసింది. నాకు ఆపరేషనైనప్పుడు రోజూ ఆ చెవితోనే వచ్చి రసం కాచి పెట్టింది. మా అబ్బాయి ధీరజ్ స్కూలు నించి వస్తే ముందు మీ గుమ్మంలోకే వచ్చేవాడు, చెవి ఇయ్యి అమ్మమ్మా అని.

టీవీ వచ్చిన రోజు సాయంత్రం నేనొచ్చి ఆ చెవి అడిగాను. ధీరజ్ వాడిది పారేసుకున్నాడు, దీన్ని చూపించి ఇంకోటి చేయించాలి, రేపిచ్చేస్తాను అన్నాను. మీరేమీ అడగలేదు. మేకు మీంచి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చారు.

ధీరజ్ ఏమీ పారేసుకోలేదు. వాడు జొహానెస్‌బర్గ్‌లో ఉంటే వాడి చెవితో నాకేం పని? మీకూ తెలుసు. మీరు అడగకపోవడం చూసి, అబద్ధం అతికింది అనుకుని ఇంటికొచ్చేశాను.

ఒక్కమాట అడుగుతాను. మీరు లోపలికొచ్చి టీవీ ఎత్తుకుపోతారనుకున్నానా నేను? మోకాళ్ళ నొప్పులతో మెట్టెక్కలేని మనిషి! అనుకోలేదు. దేవుడి మీద ఒట్టు, అనుకోలేదు. మరెందుకడిగాను? నాకు నిజంగా తెలియదు పెద్దమ్మా. ఇంట్లోకి ఒక వస్తువు వచ్చింది, దానితో పాటు ఈ అనుమానం కూడా వచ్చింది.

ఇదిగో. తెచ్చాను. వచ్చినప్పట్నించీ గుప్పిట్లోనే ఉంది. మీరు కట్టిన ఎర్రదారం విప్పలేదు, చూడండి. గేటు తియ్యక్కర్లేదు. ఈ కమ్మీల సందులోంచి ఇస్తాను. చెయ్యి ఇటు పెట్టండి.

తీసుకోరా?

ఆ బొట్టు పట్టుకున్న చెయ్యి ఇటు పెట్టచ్చుగా. మా ఇంట్లో ఏడింటికి సీరియలుంది. కర్టెన్లు తీసేస్తాను. సౌండు పెంచుతాను. వీధంతా విననివ్వండి.

సరే. బలవంతం లేదు. ఇక్కడ గుమ్మం మీద పెట్టి వెళ్తాను. మీకు మనసైనప్పుడు తీసుకోండి. రేపైనా సరే, ఎల్లుండైనా సరే. మేకుకి తగిలించుకోండి. వెళ్ళొస్తాను.

ఆ, నేనే. మళ్ళీ వచ్చాను.

ఏం లేదు, ఒక్క నిమిషం. రోడ్డు చివర ఎవడో సంచి వేసుకుని ఇటే వస్తున్నాడు. గుమ్మం మీద చెవి కనబడితే... మాదే అని వాడికి తెలియదనుకోండి, అయినా... లోపల టీవీ ఉంది కదా పెద్దమ్మా.

నవ్వుతున్నారా? నవ్వండి. ఇంత చెప్పుకుని ఏడ్చాక కూడా బుద్ధి ఎటు పోయిందో చూడండి. మీరు చెయ్యి చాపరు, నేను గుమ్మం మీద వదల్లేను. ఏం చెయ్యమంటారు? చెవి నేనే పట్టుకుపోతున్నాను.